యాప్ మూతపడితే నా డబ్బు పోదా?

ప్రశ్న: రిటైరయ్యాను. మా అబ్బాయి ఫోన్‌లో మ్యూచువల్ ఫండ్లు కొనమంటున్నాడు. యాప్ కంపెనీ ఎత్తేస్తే?

జవాబు: మీ భయం సహజమే. పాస్‌బుక్‌లో అచ్చుపడిన అంకె ఇచ్చే ధీమా ఫోన్ తెర మీద దొరకదు. కానీ యాప్ దారి మాత్రమే, బీరువా కాదు. యూనిట్లు మీ పాన్ మీద ఫండ్ సంస్థలోనో, డీమ్యాట్ ఖాతాలోనో ఉంటాయి. ఫండ్ల లెక్కలు రాసేది క్యామ్స్, మన హైదరాబాద్ కేఫిన్‌టెక్ లాంటి రిజిస్ట్రార్లు. యాప్ పోయినా యూనిట్లు పోవు. మార్కెట్ నష్టం మాత్రం మీదే.

ఖాతాకు అబ్బాయి నంబరు కాదు, మీ ఫోను, మీ ఈమెయిలే ఇవ్వండి. నామినీని రాయండి. ఈమెయిల్‌కు వచ్చే స్టేట్‌మెంట్‌ను ప్రింటు తీసి పాస్‌బుక్ పక్కనే పెట్టుకోండి.

అసలు ప్రమాదం వాట్సాప్ గ్రూపుల్లో లింకుల ద్వారా వచ్చే నకిలీ యాప్‌లతోనే. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.