చేతికందే పుస్తకం

కొత్త పుస్తకం ఇంటికి రాగానే చాలామంది తల్లులు దాన్ని ట్రంకుపెట్టెలో దాస్తారు. "పిల్లకిస్తే చింపేస్తుందమ్మా" అంటారు. నిజమే, చింపుతుంది. పెట్టెలో ఉన్న పుస్తకం చిరగదు. దాన్ని చదివేవాళ్ళూ ఉండరు.

రెండేళ్ళ పిల్ల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంటుంది. నాలుగు పేజీలు ఒకేసారి తిప్పుతుంది. ఆవు బొమ్మ చూసి "అంబా" అంటుంది. చదువు అక్కడే మొదలవుతుంది.

ఇందుకు వేరే గది అక్కరలేదు. ఒంటిగది ఇంట్లోనూ గుమ్మం వెలుతురు పడే మూల ఒకటి ఉంటుంది. అక్కడ చాప వేయాలి. చాప లేకపోతే ఉతికిన గోనెసంచి చాలు. పొయ్యికి, దీపానికి దూరంగా ఉండాలి. చెమ్మ గోడ పనికిరాదు, చెదలు పడతాయి.

పుస్తకాలు గూట్లో పెడితే పిల్లకు అందవు. గోడకు రెండు మేకులు కొట్టి, పురికొస బిగించి కట్టాలి. పలుచటి పుస్తకాలను మధ్యకు తెరిచి, బట్టలు ఆరేసినట్టు దానిమీద వేయాలి. అట్టమీది బొమ్మ కనిపిస్తుంది. పిల్ల తనకు కావలసింది తానే తీసుకుంటుంది. తాడు పిల్ల ఛాతీ ఎత్తులో ఉంటే చాలు. మెడకు తగిలే ఎత్తులో కట్టకూడదు. వదులుగా వేలాడకూడదు.

పేజీ చిరిగితే కొట్టకూడదు. దెబ్బ తిన్న పిల్లకు పుస్తకం చూస్తే దెబ్బే గుర్తొస్తుంది. మైదాపిండి ఉడికించి, పలుచటి కాగితంతో అతికించాలి. "ఆవు తోక తెగింది, అతికిద్దాం రా" అని పిల్లనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి.

"నేనే కూడబలుక్కుని చదువుతాను. పిల్లకేం చదివిపెడతాను?" అని కొందరు తల్లులు వెనకాడతారు. పిల్లకు తొందరేం లేదు. తల్లి వేలు పెట్టి చదువుతుంటే పిల్ల చూపు వేలి వెంట నడుస్తుంది. ఒత్తు దగ్గర తల్లి ఆగినా పిల్ల నవ్వదు. "మళ్ళీ చెప్పమ్మా" అంటుంది. ఒకే కథను పదిసార్లు చదివిస్తుంది. పదోసారికి తల్లికీ ఆ ఒత్తు నోరు తిరుగుతుంది. నేర్చిన అక్షరాలు వాడకపోతే మరుపున పడతాయి. పిల్ల వాటిని పడనివ్వదు.

పుస్తకాలు ఎక్కడివి? బడిలో, అంగన్‌వాడీలో, ఊళ్ళో గ్రంథాలయం ఉంటే అక్కడా అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం 1957లో పెట్టిన నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులోనూ పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తుంది. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. ఎవరి అటకమీదైనా పాత సంచికలుంటే పెద్దపిల్లలకు బాగుంటాయి.

ఇంట్లోనూ పుస్తకం కుట్టుకోవచ్చు. పాత క్యాలెండరు బొమ్మలు, సబ్బు కాగితాలు, విత్తనాల సంచులమీది కాయగూరలు కత్తిరించి అతికించాలి. ప్రతి బొమ్మ కింద దాని పేరు పెద్ద అక్షరాలతో తల్లే రాయాలి. మొదటి పేజీలో పిల్ల పేరు రాయాలి.

అత్తగారికి చదువు రాకపోవచ్చు, కథలు మాత్రం వస్తాయి. పొయ్యిమీద అన్నం ఉడికేలోగా ఆమె చెబుతుంటే కోడలు రోజుకు నాలుగు ముక్కలు రాస్తుంది. కథ పూర్తయ్యాక ఆ కాగితాలు కుట్టి తాడుమీద వేయవచ్చు.