మీ హాజరు ఎవరి పుస్తకంలో ఉంది?

పాలమూరు వలసకు ఓ పద్ధతి ఉండేది. పండక్కి ముందో, ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. అది తీరేదాకా దేశంలో ఏ మూల ఆనకట్ట కడుతున్నా పోవాల్సిందే. ఎన్ని రోజులు తట్ట మోశారు, ఎంత ముట్టింది, ఇంకెంత బాకీ అన్నదంతా మేస్త్రీ పుస్తకంలోనే. కూలీకి పుస్తకం లేదు. లెక్క తేలేనాడు మేస్త్రీ ఎంతంటే అంత.

నిజానికి చట్టం ఆ పుస్తకాన్ని కూలీకి ఎప్పుడో ఇచ్చింది. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ప్రతి కూలీకీ ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. కూలి రేటు, పని చేసే కాలం, తిరుగు ప్రయాణ ఛార్జీ, కోతలు అన్నీ అందులో ఉండాల్సింది, అదీ కూలీకి తెలిసిన భాషలో. మీ తాతల ట్రంకు పెట్టెలో అలాంటిది ఒక్కటైనా కనిపిస్తుందేమో వెతికి చూడండి.

ఇవాళ గద్వాలలో షోరూం సేల్స్‌మన్‌కు, వనపర్తిలో ప్రైవేటు బడి టీచరమ్మకు, నాగర్‌కర్నూల్‌లో అవుట్‌సోర్సింగ్ వార్డుబాయ్‌కి మేస్త్రీ లేడు. ఏజెన్సీ ఉంది, సూపర్‌వైజర్ ఉన్నాడు. పుస్తకం మాత్రం ఇంకా అవతలివాళ్ల దగ్గరే ఉంది.

అందుకని ఈ రాత్రే రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో చేరిన తేదీ, చేర్చుకున్న మనిషి పేరు, ఒప్పుకున్న జీతం. తర్వాత రోజుకో వరుస. ‘12, మంగళవారం. పొద్దున 9 నుంచి రాత్రి 8. అడ్వాన్సు 500, ఫోన్‌పే.’ అంతే, అర నిమిషం పని. సూపర్‌వైజర్ రేపట్నుంచి రావద్దన్నాడా? ఆ మాట ఉన్నదున్నట్టు, టైముతో సహా రాయండి. జీతం పడిన బ్యాంకు మెసేజీలు చెరపకండి. ఖాళీ ఓచరు మీద సంతకం పెట్టమంటే పెన్ను కింద పెట్టేయండి.

ఇక సలహా సంగతి. జీతం ఆగితే మనం ముందు వెళ్లేది చాయ్ హోటల్‌కి. అక్కడ ఒకాయన ‘పోనీలే, వేరేచోట చూసుకో’ అంటాడు, ఇంకొకాయన ‘కేసు వెయ్, వదలొద్దు’ అంటాడు. చాయ్ పైసలు మీవే. అసలు ఉచిత సలహా కోర్టు ఆవరణలో ఉంది. పేరు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. 2022 జూన్ 2న తెలంగాణలో కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాక ఇందుకోసం మహబూబ్‌నగర్ బస్సెక్కే పని తప్పింది. మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది, అవసరమైతే వకీలును కూడా వాళ్లే పెడతారు. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి.

వాట్సాప్‌లో తిరిగే సెక్షన్ నంబర్లను మాత్రం నమ్మకండి. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు వచ్చాయి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలన్న నిబంధన ఎంతమంది యజమానులకు తెలుసో నాకు అనుమానమే. మీకు తెలిస్తే చాలు.

ఉద్యోగం మానేసినప్పుడు ముట్టాల్సిన గ్రాట్యుటీ లెక్క కూడా ఒకటి వేసి చూద్దాం. పదిమందికి తక్కువ కాని సంస్థలో ఎనిమిదేళ్లు చేసి మానేశారు. లెక్కలోకి వచ్చే నెల వేతనం 13,000 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. ఎనిమిదేళ్లకు 60,000 రూపాయలు. మామూలుగా అయిదేళ్లు నిండితే చాలు, ఈ డబ్బు హక్కు. కానీ చేరిన తేదీ రుజువు కాకపోతే ఎనిమిదేళ్లు నాలుగేళ్లయిపోతాయి!

తేదీతో ముడిపడ్డ ఇంకో సంగతి గడువు. పనిచోట లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. పదిమంది కూడా లేని కొట్టయితే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. ‘పండగ పోనీ, పిల్ల పరీక్షలు కానీ’ అంటూ ఉంటే నెలలు గిర్రున తిరిగిపోతాయి.

రాత బలం చూడాలంటే 1982 ఏషియాడ్ గుర్తు చేసుకోండి. ఢిల్లీలో ఆ ఆటల కోసం కడుతున్న చోట కూలీల పరిస్థితి మీద ఓ హక్కుల సంఘం సుప్రీంకోర్టు న్యాయమూర్తి భగవతికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని తేల్చింది.

మీరు న్యాయసేవాధికార సంస్థకు వెళ్లే రోజు కథంతా చెప్పకండి. మేనేజరు బావమరిది సంగతి అక్కడ అక్కర్లేదు. ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు జిరాక్సులు, నోటుబుక్కు పట్టుకెళ్లండి. అక్కడి వకీలు కళ్లద్దాలు సర్దుకుని ముందు అడిగేది ‘ఎప్పట్నుంచి?’ అనే. ‘చానా రోజులాయె సార్’ అనకుండా, పేజీ తిప్పి వేలు పెట్టి చూపించండి.