పిడికెడు బియ్యం – ఇచ్చే మనసు

ఈసారి గోడపత్రికకి బైబిలు పాఠం రాయమని ప్రార్థన గుంపువాళ్ళు నాకు చెప్పారు. క్రైస్తవులు కానివాళ్ళు కూడా చదవండి, ఇందులో లెక్కలు కూడా ఉన్నాయి.

ఆదివారం ప్రార్థనలో కానుక పళ్ళెం వచ్చేసరికి చిన్న తరగతుల పిల్లలు కొందరు వెనక్కి జరిగి కూర్చుంటున్నారు. ఇంటినుంచి డబ్బులు రానివాళ్ళు వాళ్ళు. ఒకడైతే, "నా దగ్గర లేదన్నా, వచ్చే నెల నుంచి వస్తాను" అన్నాడు. ప్రార్థనకి రావాలంటే డబ్బుండాలని వాడు అనుకున్నాడన్నమాట. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మార్కు సువార్త 12వ అధ్యాయం చివర ఒక బీద విధవరాలి సంగతి ఉంది. కథ అందరికీ తెలుసు గానీ లెక్క వేసి చూసినవాళ్ళు తక్కువ. యెరూషలేము దేవాలయంలో కానుకలు వెయ్యడానికి బూర ఆకారంలో 13 పెట్టెలు ఉండేవని యూదుల మిష్నా గ్రంథం చెప్తుంది. ఆమె వేసినవి రెండు కాసులు. రోమా లెక్కలో అవి రెండూ కలిపినా ఒక దేనారంలో 64వ వంతు. దేనారం అంటే కూలివాడి ఒకరోజు కూలి. మనవైపు కూలి 300 రూపాయలు అనుకుని 64తో భాగించండి. ఐదు రూపాయలు కూడా రాదు. పక్కన డబ్బున్నవాళ్ళు చాలా చాలా వేస్తున్నారు. యేసు ప్రభువు మాత్రం అందరికంటే ఎక్కువ వేసింది ఈమే అన్నాడు. ఆయన పెట్టెలో పడిందాన్ని చూడలేదు, చేతిలో మిగిలిందాన్ని చూశాడు.

అయితే ఈ కథ చెప్పి బీదవాళ్ళని ఉన్నదంతా ఇమ్మని అడిగేవాళ్ళంటే నాకు ఇష్టం లేదు. సరిగ్గా దానికి ముందే, విధవరాండ్ర ఇళ్ళు మింగేసే శాస్త్రులకి ఎక్కువ శిక్ష ఉంటుందని ప్రభువు చెప్పాడు. ఆ మాట వదిలేసి ఈ కథ ఒక్కటే చెప్పడం న్యాయం కాదు.

ఇక పౌలు సంగతి. క్రీ.శ. 55-56 ప్రాంతంలో ఆయన కొరింథు సంఘానికి రెండో పత్రిక రాశాడు. అందులో 8, 9 అధ్యాయాలు రెండూ ఇవ్వడం గురించే. యెరూషలేములో బీద విశ్వాసులు ఇబ్బందుల్లో ఉంటే వాళ్ళకోసం సంఘాలన్నిటిలో చందా పోగుచేస్తున్నాడు. కొరింథువాళ్ళు ఏడాది కిందటే ఇస్తామన్నారు, ఇంకా పూర్తి చెయ్యలేదు. ఫిలిప్పీ, థెస్సలొనీక ఉన్న మాసిదోనియవాళ్ళేమో కటిక బీదవాళ్ళు. అయినా మాకూ ఇందులో పాలు ఇవ్వండి అని వాళ్ళే బతిమాలుకున్నారు. పౌలు కొరింథువాళ్ళని బెదిరించలేదు. సణుక్కుంటూ వద్దు, బలవంతంగా వద్దు, ఎవరు మనసులో ఎంత అనుకుంటే అంత సంతోషంగా ఇవ్వండి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: మనసుంటే చాలు, మనిషి దగ్గర ఉన్నదాన్నిబట్టే దేవుడు లెక్క చూస్తాడు, లేనిదాన్నిబట్టి కాదు అని. ఆ చిన్నవాడికి చెప్పాల్సిన మాట ఇదే.

ఆ మనసు లేనివాడు ఏం చెయ్యాలి? మనసు మారాక ఇస్తానని కూర్చుంటే అది ఎప్పటికీ మారదు అని నా అభిప్రాయం. నీ ధనం ఎక్కడుంటే నీ హృదయం అక్కడే ఉంటుందని ప్రభువు కొండమీద చెప్పాడు. అంటే ధనం ముందు నడుస్తుంది, హృదయం దాని వెనకాల వస్తుంది. దీనికి మిజోరాంవాళ్ళ సంగతి చూడండి. వాళ్ళూ మనలాగే కొండలమీద ఉండే గిరిజనులు, మనలాగే పోడు కొట్టుకున్నవాళ్ళు. ఆడవాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు. 1910లో అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో ఒక పద్ధతి మొదలైంది. దాన్ని వాళ్ళ భాషలో బుహ్‌ఫాయ్ థాం అంటారు, పిడికెడు బియ్యం అని అర్థం. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆడవాళ్ళే ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేస్తారు. అమ్మిన డబ్బు సంఘం పనికి పోతుంది. ఇప్పుడు ఏడాదికి కోట్ల రూపాయలు వస్తున్నాయి.

నేను మన వంటగదిలో కాటా మీద నా పిడికెడు తూచాను. 40 గ్రాములు వచ్చింది. రోజుకి రెండుసార్లంటే 80 గ్రాములు, నెలకి 2 కిలోల 400 గ్రాములు, ఏడాదికి 29 కిలోల పైన. (వంట మాస్టరు నవ్వాడు గానీ బియ్యం మళ్ళీ బస్తాలో పోసేశాను.) అన్నంలో పిడికెడు తగ్గితే ఎవరికీ ఆకలి వెయ్యదు. కానీ పొయ్యి వెలిగించిన ప్రతిసారీ చెయ్యి ఒకసారి బయటివాళ్ళకోసం కదులుతుంది. మనసు తయారయ్యేది అక్కడే అనుకుంటాను. మన ఊళ్ళలో కొత్త పండగప్పుడు కొత్త గింజ ముందు దేవతకి పెట్టకుండా ముసలివాళ్ళు నోట్లో వేసుకోరు. ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమ ఫలాల గంప సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

నాకు నచ్చనివి రెండున్నాయి. పది ఇస్తే దేవుడు వంద ఇస్తాడని ఆశపెట్టడం ఒకటి. అది కానుక కాదు, వడ్డీ వ్యాపారం. సంతలో షావుకారు మన పెద్దవాళ్ళతో చేసేది అదే కదా, దేవుణ్ణి కూడా ఆ లెక్కలోకి లాగడమెందుకు? రెండోది, ఎవరెంత ఇచ్చారో పేర్లు పెట్టి చదవడం. ఒకచోట మైకులో చదువుతుంటే విన్నాను. పది రూపాయలిచ్చిన అమ్మమ్మ పేరు చివర వచ్చింది, ఆమె తల వంచుకుంది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6లో ఉంటే మైకు ఎందుకు?

పేర్లు వద్దు గానీ మొత్తం లెక్క మాత్రం అందరికీ తెలియాలి. పౌలు ఆ చందా ఒక్కడి చేతికి ఇవ్వలేదు. తీతుతో పాటు ఇంకో ఇద్దరు సహోదరుల్ని పంపాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. అందుకని మన ప్రార్థన గుంపు వార్డెను గారిని అడిగి ఇలా అనుకుంది: పళ్ళెం తిప్పడం ఆపేస్తాం. మూతకి సందు కోసిన పాలపొడి డబ్బా ఒకటి తలుపు పక్కన ఉంటుంది. పక్కనే అట్టపెట్టె ఉంటుంది, అందులో సబ్బు, పెన్ను, పేజీలు మిగిలిన నోటుబుక్కు ఏదైనా వెయ్యొచ్చు. ఏమీ లేనివాళ్ళు జ్వరం వచ్చినవాళ్ళకి వేడినీళ్ళు తెచ్చి పెట్టినా మాకు అది కానుకే. నెలాఖరున ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఆ కాగితం ఈ గోడపత్రిక కిందే అంటిస్తారు. మొదటి నెల వచ్చింది దేనికి వాడాలని కొత్తగా చేరిన 5వ తరగతివాళ్ళని అడిగాం. ఏడుగురికి చెప్పులు లేవట. కాళ్ళ సైజులు రాసిన చీటీ వార్డెను గారి దగ్గర ఉంది.