జవాబు లేని కాగితము

చిరంజీవి చిన్నబాబును పెద్దమామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారము మీ అమ్మ ఫోను చేసి, ఇంగ్లండులో నీమీద కేసు పెట్టిరనియు, కారు జప్తు చేయుదురేమో యనియు ఏడ్చుచు చెప్పినది మొదలు నాకు అన్నము సహించలేదు. నీవు పంపిన ఉత్తరమును, దానితోపాటు ఆ పార్కింగు కంపెనీవారి నోటీసును మనుమరాలు అచ్చు తీసి యియ్యగా భూతద్దము పెట్టుకొని ఆమూలాగ్రము చదివితిని. చదివిన పిమ్మట భయము తగ్గినది గాని దిగులు పెరిగినది. భయము తగ్గుటకు కారణము ఆ నోటీసులోనే కలదు. దిగులు పెరుగుటకు కారణము నీ ఉత్తరము చివరి వాక్యము: “స్నేహితులందరు దీనిని చెత్తబుట్టలో వేసి ఊరుకొమ్మనుచున్నారు మామయ్యా” అంటివి. కారు మాట, పైకము మాట తరువాత చెప్పుకొందము. ఆ చెత్తబుట్ట మాట నన్ను నిద్రపోనీయలేదు.

ముందు మీ అమ్మకు ధైర్యము చెప్పుము. నీకు వచ్చినది సర్కారువారి జరిమానా కాదు. అక్కడి పురపాలకులు వేయు జరిమానాకును, ప్రైవేటు కంపెనీవారు పంపు పార్కింగు ఛార్జికిని నక్కకును నాకలోకమునకును ఉన్నంత దూరము. ‘మా స్థలములో రెండు గంటలు ఉచితము, అంతకు మించి యుంచిన నూరు పౌన్లు’ అని వారు బోర్డు పెట్టిరి. ఆ బోర్డు కంటబడిన పిమ్మట నీవు బండి నిలిపితివి. కావున ఆ షరతునకు ఒప్పుకొంటివి, ఒప్పుకొని తప్పితివి అని వారి వాదము. అందులో నేరము లేదు, పోలీసు లేడు, జైలు లేదు. నీవు చెల్లింపకున్న వారు చేయగలిగినది సివిలు దావా వేయుట. డిక్రీ లేనిదే జప్తు లేదు. మధ్యలో వసూలు ఏజెంట్లు ఎర్రసిరాతో ఎన్ని జాబులు వ్రాసినను, నీ గుమ్మములో నుండి చెంచా నెత్తుకొనిపోవు అధికారము వారికి లేదు.

అట్లని తేలికగా తీసికొనకుము. చెమ్స్‌ఫర్డ్ పట్టణములో ఇట్టి రెండు గంటల ఉచిత స్థలముననే 2013లో బ్యారీ బీవిస్ అను నతడు 56 నిమిషములు అదనముగా బండి నుంచి, అడిగిన 85 పౌన్లు ఇయ్యనని కోర్టులవెంట తిరిగి, చివరకు అక్కడి సుప్రీంకోర్టువరకు పోయెను. 2015 నవంబరు 4న ఏడుగురు న్యాయమూర్తులలో ఆరుగురు కంపెనీ పక్షమున తీర్పు చెప్పిరి. దుకాణములకు వచ్చువారందరికిని చోటు దొరకవలెనన్న, వచ్చిన బండ్లు వేళకు కదలవలెను. అందుకై స్పష్టమైన బోర్డుమీద వ్రాసి అడుగు సొమ్ము అన్యాయము కాదని వారి నిర్ణయము. నీ స్నేహితులు చెప్పు మాట ఒకప్పుడు కొంత చెల్లినమాట నిజమే. 2012 అక్టోబరు 1కి ముందు, బండి నడిపినవా డెవడో కంపెనీవారే తేల్చుకొనవలసి యుండెడిది; ఆ నాటినుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, నడిపినవాని పేరు తెలియకున్నను, నియమములన్నియు పాటించినచో రిజిస్టరులో నున్న బండివానినే వారు అడుగవచ్చును. ఆ రిజిస్టరులోని నీ పేరును ఊరును రెండున్నర పౌన్ల రుసుము చెల్లించి, దానిని నిర్వహించు డి.వి.ఎల్.ఏ. వారియొద్దనే తెచ్చుకొందురు. చట్టము మారినను సలహా మారలేదు. పాతబడిన సలహా పట్టుకొనువాడు వంతెన కూలినదని తెలియక పాత బాటనే పోవువానితో సమానుడు.

నేను ప్లీడరుగారియొద్ద గుమాస్తాగా చేరిన క్రొత్తలో, కొవ్వూరు అవతలి పల్లెనుండి ఒక రైతు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చెను. చేతిలో గుడ్డమూట, మూటలో రసీదు. అప్పు తీర్చినట్లు అప్పులవాడు స్వహస్తముతో వ్రాసియిచ్చిన రసీదు అది. అయినను ఆ అప్పుకే అతనిమీద దావా పడినది. దుక్కుల కాలములో సమను వచ్చినదట. ‘తీర్చిన బాకీకి కోర్టేమిటి’ అని దానిని చూరులో దోపి నాగలి పట్టుకొని పొలమునకు పోయినాడట. ఇటు వాయిదా దాటిపోయినది, ఎక్స్‌పార్టీ డిక్రీ అయినది, అమీను వచ్చి యెడ్లను తోలుకొనిపోయినాడు. ప్లీడరుగారు ఆ రసీదును అటు తిప్పి యిటు తిప్పి చూచి, “నీ పెట్టెలో నున్న రసీదును జడ్జీగారు కలగనవలెనా?” అనిరి. డిక్రీ రద్దు చేయించితిమి. కాని స్టాంపులకును, తిరుగుళ్ళకును అయిన వ్యయము ఆ అప్పును మించినది, యెడ్లు తిరిగి రాలేదు. ఆ రైతు తప్పు చేసినవాడు కాడు, ధర్మము అతని పక్షముననే యుండెను. జవాబు చెప్పకపోవుట యొక్కటే అతనికి చేటు తెచ్చినది.

అందుచేత, నాయనా, ఈ ముసలివాడు ఒకే మాటను పదేపదే చెప్పుచున్నాడని విసుగుకొనకుము. వచ్చిన ప్రతి కాగితము వెనుక అందిన తేదీ వేయుము. ప్రతి కాగితమునకు గడువులోపల జవాబు వ్రాయుము. వ్రాసిన జవాబునకు నకలు ఉంచుకొనుము. కంప్యూటరులో పంపినచో, అందినదని వారు చెప్పిన అంకెతో సహా దాచుము. నీవు చిన్నప్పుడు మా యింటి అరుగుమీద కూర్చుండి నా పాత చలానాలను రంగుల వారీగా పేర్చి ఆడుకొనుట నాకు ఇంకను కండ్లకు కట్టినట్లున్నది. ఆ శ్రద్ధలో సగమిప్పుడు చూపిన చాలును.

మా నాన్నగారి మాట ఒకటి వినుము. నాకు పది పదకొండేండ్ల వయసున మా గేదె త్రాడు తెంపుకొని పరుల చెరకుతోటలో పడగా దానిని బందెలదొడ్డికి తోలిరి. నాన్నగారు నన్ను వెంటబెట్టుకొని పోయిరి. దొడ్డి కావలివాడు బందెతోపాటు రెండు దినముల మేత ఖర్చు అడిగెను. నాన్నగారు కోపపడలేదు. పశువును తెచ్చిన దినమును గంటను దొడ్డి పుస్తకములో వ్రాయవలెనని 1871 నాటి చట్టమే చెప్పుచున్నది గదా, ఆ పుటను చూపుమనిరి. చూడగా, దీపాలు పెట్టు వేళకు తెచ్చినట్లు ముందునాటి తేదీతో నమోదై యున్నది. బందె పూర్తిగా చెల్లించి, ఒక్క రాత్రి మేతకే పైకమిచ్చి, రసీదు పుచ్చుకొని గేదెను విడిపించిరి. తిరిగి వచ్చునప్పుడు, “ఇయ్యవలసినదానిలో కానీ తగ్గరాదు, ఇయ్యనక్కరలేనిదానిలో కానీ పోరాదు” అనిరి. వ్యవహారజ్ఞానమంతయు నాకు ఆ మాటలోనే కనబడుచున్నది.

ఆ పుట చూచినట్లే నీ కాగితములను చూచితిని. కెమెరా తీసిన రెండు బొమ్మలలో నీ బండి జనవరి 4న పగలు 11:52కు లోపలికి వచ్చినది, 2:27కు వెలుపలికి పోయినది. అనగా రెండు గంటల ముప్పదియైదు నిమిషములు. ఆ కెమెరా ద్వారము దాటిన క్షణమును మాత్రమే ఎరుగును; చోటు వెదకుకొన్న సమయము గాని, వరుసలో నిలిచిన సమయము గాని దానికి తెలియదు. నీ విద్యుత్తు కారు ఛార్జింగు రసీదును పట్టి చూడగా మొదలైనది 12:41, ముగిసినది 2:09. మొదటి యంత్రము పనిచేయలేదనియు, రెండవదానివద్ద ఇంకొకరి బండి యుండగా వేచితిమనియు నీవు వ్రాసితివి. వేగముగా ఛార్జి చేయు యంత్రములకు ఇరువదినాలుగు గంటల సహాయ టెలిఫోను ఉండవలెనని అక్కడి నియమము; నీవు అప్పుడు ఫోను చేసియున్న ఆ పిలుపు జాడ నీ ఫోనులో నుండును, దానిని జత చేయుము. చలిలో బాటరీ మెల్లగా నిండుననియు, నూటికి ఎనుబదివంతులు దాటినపిమ్మట వేగము బాగుగా తగ్గుననియు వ్రాయవచ్చును. కాని అక్కడనే నీకొక మాట: ఎనుబదికి చేరగానే తీసి కదలుట మర్యాద. నీ బండిలోవలెనే వెనుక వేచియున్నవాని బండిలోను ఒక చంటిబిడ్డ యుండవచ్చును.

ఇక నన్ను కలతపెట్టినది: 2:09కి ఛార్జింగు ముగిసినది, 2:27కు వెలుపలికి వచ్చితివి. ఆ పదునెనిమిది నిమిషములు ఏమయినవి? నీ చిత్తుప్రతిలో ‘బయలుదేరు వరకు ఛార్జి అగుచునే యున్నది’ అని వ్రాసితివి. అది అబద్ధమని నీ రసీదే చూపును. పాప ఆకలికి ఏడ్చుచుండగా పాలు పట్టుచుంటినని కోడలు మీ అమ్మతో చెప్పినదట. ఆ మాటనే వ్రాయుము. పసిదానికి పాలు పట్టుట సిగ్గుపడవలసిన పని కాదు. ఒక్క అబద్ధము దొరికినచో తక్కిన నిజములన్నియు దానితోపాటు మునిగిపోవును.

వ్రాయవలసిన వరుస ఇది. ఆ ఛార్జింగు స్థలమువద్ద, ఛార్జి చేయుచున్నను రెండు గంటలే యని వ్రాసిన బోర్డు ఉన్నదా, ఉన్నచో బండిలో కూర్చుండి చదువవచ్చునా యని మరల పోయి ఫోటోలు తీయుము. ఒప్పందమన్న తరువాత షరతు కంటికి కనబడవలెను. నీ వాదమునకు ప్రాణము అదియే. కాలము తీరిన పిమ్మట పది నిమిషముల వెసులుబాటు ఇయ్యవలెనని 2024లో అక్కడి పార్కింగు కంపెనీల సంఘములు రెండును కలిసి చేసికొన్న నియమావళిలో కలదు, దానిని పేర్కొనుము. నోటీసు పదునాలుగు దినములలో రాలేదను వాదము మాత్రము ఎత్తకుము. నీకు జనవరి 13నే అందినది, ఆ తలుపు మూసికొనిపోయినది. నోటీసునాటినుండి ఇరువదియెనిమిది దినములలోపల కంపెనీకి అప్పీలు పంపుము. వారు త్రోసిపుచ్చినచో, నీ నోటీసుమీద బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ ముద్ర యున్నది గనుక, ‘పోప్లా’ అను స్వతంత్ర విచారణకు మరి ఇరువదియెనిమిది దినముల గడువు కలదు. అక్కడ నీవు గెలిచినచో కంపెనీ కట్టుబడవలెను. ఆ పార్కింగు స్థలము గల అంగడి యజమానికిని మర్యాదగా ఒక జాబు వ్రాసి, అక్కడ కొన్న వస్తువుల బిల్లులు జతపరచుము. స్థలము వారిది, వారొక్క మాట చెప్పిన కంపెనీ రద్దు చేయుట కద్దు.

పదునాలుగు దినములలో చెల్లించిన అరువది పౌన్లతో పోవునను మాట నీకు ఆశ పుట్టించును. బోర్డు స్పష్టముగా నున్నదని నీ కంటికే తోచిన పక్షమున ఆ అరువదియు చెల్లించి రసీదు పుచ్చుకొనుము. అందులో అవమానము లేదు. తోచనిచో పోరాడుము, పోరాటములో ఆ తగ్గింపు పోవచ్చునని తెలిసియే పోరాడుము. రెంటిలో ఏదైనను నాకు సమ్మతమే. ఊరకుండుట మాత్రము సమ్మతము కాదు.

కోడలి ఉద్యోగము నిమిత్తము మార్చిలో ఇల్లు మారుచున్నారట గదా. అది వినగానే గుండె ఝల్లుమన్నది. దావా వేయుటకు వారికి ఆరేండ్ల కాలపరిమితి యున్నది. సమను పాత యింటికి పోయి, క్రొత్తగా వచ్చినవాడు దానిని పారవేసినచో, నీకు తెలియకయే డిక్రీ అగును. నెలలోపల చెల్లింపని డిక్రీ ఆరేండ్లపాటు నీ పేరుమీద నిలిచి, రేపు ఇల్లు కొనుటకు అప్పు అడిగినచోట ఎదురుపడును. కావున బండి రిజిస్టరులోను, ఆ కంపెనీవారియొద్దను క్రొత్త చిరునామా వెంటనే వ్రాయించుము. కోర్టు కాగితమే వచ్చినచో పదునాలుగు దినములలో అందినట్లు తెలుపుము; తెలిపినచో జవాబుదావాకు మొత్తము ఇరువదియెనిమిది దినములు దొరకును.

పరాయి దేశములో చంటిబిడ్డతో, చలిలో, పనిచేయని యంత్రము ముందు నీవు నిలువబడియున్నావని తలచుకొనిన నాకు కడుపు తరుగుకొనిపోవుచున్నది. మీ నాన్న యుండినచో నాకన్న చక్కగా వ్రాసియుండెడివాడు. పైకమునకు ఇబ్బందియైనచో మొగమాటపడక చెప్పుము. నీ అప్పీలు చిత్తు తిరిగి వ్రాసి, ఆ పదునెనిమిది నిమిషములతో సహా, పంపుటకు ముందు నాకు చూపుము. ఒక్క పూటలో దిద్ది పంపెదను. ఈ లేఖ అందిన నాడే మీ అమ్మకు ఫోను చేసి, జైలు లేదని నీ నోటితో చెప్పుము.

పాపకు ముద్దులు. కోడలికి ఆశీస్సులు.

ఇట్లు,
నీ మేలు కోరు
పెద్దమామయ్య,
రాజమహేంద్రవరము