సాహసకథకు బలమెట్లు వచ్చును?

చలనచిత్రమునకుఁ దగిన సాహసకథ నొకదానిని వ్రాసితినని విద్యార్థి యొకఁడు తెచ్చి మాకుఁ జూపెను. నూజివీడు మామిడితోఁటలో కాపు గుత్తకుఁ గొన్నవాని కుమారుఁడు గుహలోని నిధికై పోయి, పులిని జంపి, ధనముతో నిల్లు చేరును. చదువుచుండఁగా మాకు భయము కలుగలేదు. నిధి దొరకకున్న వానికేమి నష్టమో కథలో నెచ్చటను లేదు. ఇంటికి వచ్చి చద్దియన్నము తినును, అంతియే గదా!

ఈ లోపము నెఱుఁగుటకు 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ని జూడవలెను. విజయా సంస్థవారు నిర్మింపఁగా కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిరి. రచన పింగళి నాగేంద్రరావుగారిది. అందలి నాయకుఁడు తోఁటరాముఁడును తోఁటమాలి కొడుకే. రాకుమారి ఇందుమతిని వలచి పట్టుబడఁగా, తనతో సమానమైన సంపద తెచ్చినఁగాని పిల్ల నీయనని రాజు నియమము పెట్టెను. అప్పటినుండి ధనము వట్టి ధనము గాక, రాముని బ్రదుకే యైనది.

ఇఁక విరోధము. నేపాళ మాంత్రికునకు భైరవి ప్రతిమ కావలెను. అందులకు సాహసవంతుఁడైన యువకుని బలి యీయవలెను. రామునకు ధనము కావలెను. త్రోవ చూపువాఁడు మాంత్రికుఁ డొక్కఁడే. ఒకనికొకఁడు కావలసినవారే, కాని ఒకఁడు చచ్చినఁగాని రెండవవాని కోరిక తీఱదు. పులికిఁ బగ లేదు, ఆఁకలి మాత్రమే. బల్లెము గ్రుచ్చినంతనే దాని కథ ముగియును. మాంత్రికుఁడో, ఎస్. వి. రంగారావుగారి నటనలో, నవ్వుచుఁ బలుకరించుచు వెంట నడచును. మొసలి రూపము వీడిన కన్య గుట్టు విప్పఁగా, రాముఁడు మాంత్రికునే బలి యిచ్చి ప్రతిమను గైకొనును.

అల్పరచయిత యిచటనే పెండ్లి చేసి చేతులు దులుపుకొనును. పింగళివారట్లు చేయలేదు. మేడ వెలసి, పెండ్లి సమకూడుచుండఁగా, శిష్యుఁడు సదాజపుఁడు గురువును బ్రదికించును. సూరసేనుఁడు ప్రతిమను దొంగిలించి మాంత్రికునకిచ్చును. ఇందుమతియు మేడయు రామునకు దక్కకుండఁ బోవును. మొదట లేనిదానికై పోరాడినవాఁడు ఇపుడు చేతికందినదానిని గోలుపోయి పోరాడవలెను. ఈ రెండవ దెబ్బయే బరువైనదని మా యభిప్రాయము.

ఆ విద్యార్థికి మేమిట్లు చెప్పితిమి: నాయనా, గుహకుఁ బోకముందు తోఁటలో నిలువుము. పూఁతనాఁడే అప్పు చేసి కాపు కొన్న తండ్రి యున్నాఁడు. వేసవి గాలివానకుఁ గాయ రాలిపోయినది. గడువులోఁ దీర్పకున్న ఇల్లు పోవును. అప్పిచ్చినవాఁడు దుష్టుఁడు కానక్కఱలేదు. వాని కూఁతురి పెండ్లి ముహూర్తము దగ్గఱ పడినది. నిధి జాడ వానికే తెలియును. గుహలోఁ దూఱఁగల సన్ననివాఁడు మన బాలుఁడే.

వాఁడు మఱునాఁడు వచ్చి, “పులిని దీసివేసితినండి, అప్పులవాఁడే చాలును” అనెను.