రక్తపింజరి: పరీక్షకూ, పొలానికీ

రక్తపింజరి శాస్త్రీయ నామం డబోయా రసెలై. కుటుంబం వైపరిడే. విశాఖపట్నంలో పనిచేసిన ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రసెల్ గుర్తుగా ఆ పేరు. కోరమాండల్ తీరపు పాములపై ఆయన గ్రంథం 1796లో వెలువడింది. ఈ పాముకు ఆయన నమోదు చేసిన తెలుగు పేరు ‘కాటుక రేకుల పొడ’. తెలుగు నేలతో ముడిపడిన పరీక్ష ప్రశ్న కాబట్టి వదలొద్దు.

గుర్తులు: త్రికోణపు తల, ఒంటిపై మూడు వరుసల గొలుసు మచ్చలు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు పెద్ద బుస. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది (తరచూ అడిగేదే).

‘బిగ్ ఫోర్’ (మన దేశంలో ఎక్కువ పాముకాటు మరణాలకు కారణమయ్యే నాలుగు పాములు): నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి.

రక్తపింజరి విషం ప్రధానంగా రక్తం గడ్డకట్టే వ్యవస్థను దెబ్బతీస్తుంది, మూత్రపిండాలూ పాడవుతాయి. ఆసుపత్రిలో రోగి రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. మందు: గుర్రాల రక్తం నుంచి తీసే పాలీవాలెంట్ యాంటీవెనమ్.

2017: పాముకాటు డబ్ల్యూహెచ్‌ఓ నిర్లక్షిత ఉష్ణమండల వ్యాధుల జాబితాలోకి. 2024: భారత జాతీయ కార్యాచరణ ప్రణాళిక. లక్ష్యం: 2030 నాటికి మరణాలు సగానికి. పాముకాటు అవగాహన దినం: సెప్టెంబరు 19. పాముకు రక్షణ: వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972.

ఇక పొలం సంగతి: రక్తపింజరి వరి కోతల్లో, గడ్డివాముల దగ్గర ఎలుకల కోసం వస్తుంది. బూట్లు వేసుకోవాలి, రాత్రి టార్చి పట్టుకోవాలి, గడ్డిని ముందు కర్రతో కదపాలి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాటుపడ్డ కాలు కదపకుండా 108 అంబులెన్సుకు ఫోన్ చేయండి.