మూపు నుండి పట్టాలకు

పాఠ్యభాగ ఉద్దేశం: సరకుల రవాణాలో దూరం కంటే ఎక్కింపు, దింపులే అధిక శ్రమకు, వ్యయానికి కారణమవుతున్నాయి. ఆ భారాన్ని మనిషి మూపు మీది నుండి పట్టాల మీదికి మళ్లించడానికి జరిగిన ప్రయత్నాలను రాయలసీమలోని ఒక ప్రాంతం ఆధారంగా పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

శ్రీ సత్యసాయి జిల్లా పశ్చిమపు అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని అగళి మండలం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది అనంతపురం జిల్లాలో భాగం. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఈ సీమలో వక్కతోటలు, కొబ్బరిచెట్లు, పొలం గట్ల మీద చింతచెట్లు కనిపిస్తాయి. ఈ మండలానికి రైలు మార్గం లేదు. ఇక్కడి పంట మడకశిర మీదుగా హిందూపురం చేరవలసిందే. చింతపండు వ్యాపారానికి హిందూపురం మార్కెట్ పేరెన్నికగన్నది.

ఒక చింతపండు బస్తా ప్రయాణాన్ని ఊహిద్దాం. రైతు ఇంటి ముంగిట దానిని ట్రాక్టరులోకి ఎత్తుతారు. మార్కెట్ యార్డులో దించుతారు. కాటా మీదికి ఎక్కించి, తూకం ముగిశాక పక్కకు పేరుస్తారు. కొన్న వ్యాపారి లారీలోకి ఎక్కించి గోదాములో దించుతారు. రైలులో పంపవలసివస్తే గోదాము నుండి మరొక లారీ, ఆ లారీ నుండి గూడ్స్ షెడ్డు, షెడ్డు నుండి వ్యాగన్. బస్తా ఇంకా జిల్లా దాటలేదు. అప్పటికే అది ఎనిమిది తొమ్మిది పర్యాయాలు మనిషి చేతుల మీదుగా కదిలింది. గమ్యస్థానంలో ఈ కథంతా తలకిందులుగా మళ్లీ నడుస్తుంది. వందల కిలోమీటర్లు ఇంజను లాగినదానికి లెక్క ఉంటుంది. ఈ పది అడుగుల ప్రయాణాలకు మాత్రం ఎవరూ లెక్క రాయరు.

రైలు రావడంతోనే ఈ శ్రమ తగ్గిందనుకోవడం పొరపాటు. గుంతకల్లు నుండి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు సదరన్ మరాఠా రైల్వే వేసిన మార్గం 1892-93 ప్రాంతంలో పూర్తయింది. అది మీటర్ గేజ్ మార్గం. పట్టాల నడుమ దూరం 1,000 మిల్లీమీటర్లు. కాని 1871 నాటికే పూర్తయిన మద్రాసు-బొంబాయి మార్గం బ్రాడ్ గేజ్. అందులో పట్టాల నడుమ దూరం 1,676 మిల్లీమీటర్లు. ఈ రెండూ గుంతకల్లులో కలిశాయి. కలిశాయనడం పటం చూసేవారి మాట. బస్తాకు సంబంధించినంతవరకు అవి కలవలేదు. హిందూపురంలో ఎక్కిన సరకు బొంబాయికి పోవాలంటే గుంతకల్లులో చిన్న వ్యాగన్ నుండి దించి పెద్ద వ్యాగన్‌లోకి ఎక్కించవలసిందే. 676 మిల్లీమీటర్ల తేడాను దశాబ్దాలపాటు కూలీల వెన్నెముకలు పూడ్చాయి. 1980వ దశకంలో ఈ మార్గం బ్రాడ్ గేజ్‌గా మారిన తరువాతనే ఆ మార్పిడి అవసరం తీరింది.

బ్రాడ్ గేజ్ వచ్చినా గూడ్స్ షెడ్డులోని పని మారలేదు. మూసిన వ్యాగన్లతో కూడిన ఒక పూర్తి గూడ్సు రైలు సుమారు 2,500 టన్నుల సరకు మోస్తుంది. 50 కిలోల బస్తాల లెక్కన చూస్తే అవి 50,000. ఎరువులైనా, బియ్యమైనా, సిమెంటైనా ప్రతి బస్తా ఒక మనిషి వీపు మీదికి ఎక్కి, మరల దిగాలి. ఈ పనికి రైల్వే వారు నిర్ణీత గంటల వ్యవధి ఇస్తారు. అది దాటితే డెమరేజి పేరిట రుసుము పడుతుంది. గడియారం వ్యాపారిని తరిమితే, వ్యాపారి మేస్త్రీని తరుముతాడు, మేస్త్రీ హమాలీని తరుముతాడు. హమాలీ తరమడానికి ఎవరూ మిగలరు.

ఒక మనిషి ఎంత బరువు మోయవచ్చు? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో దీనిపై ఒక ఒడంబడికను ఆమోదించింది. దానికి తోడుగా వెలువడిన సిఫారసులో వయోజనుడైన పురుషుడు మోసే బరువు 55 కిలోలకు మించరాదని పేర్కొన్నారు. భారతదేశం ఆ ఒడంబడికను 2010లో ఆమోదించింది. నడుమ గడిచిన కాలం 43 సంవత్సరాలు. మన రాష్ట్రంలో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణకు, సంక్షేమానికి 1976లోనే ఒక చట్టం వచ్చింది. చట్టం పేరులోనే 'ముఠా', 'జట్టు' అనే మాటలు ఉండడం గమనించదగినది. ఈ పని ఒంటరిగా జరిగేది కాదు. ఒకరు కొక్కెంతో లాగితే, ఇద్దరు ఎత్తితే, ఒకరు మోస్తే, మరొకరు పేరుస్తారు. కూలి డబ్బును జట్టు పంచుకుంటుంది.

బరువును మోయకుండా కదిలించే మార్గం ఏది? దీనికి సమాధానం ఘర్షణలో ఉంది. ఒక టన్ను బరువున్న పెట్టెను చెక్క బల్లల మీద ఈడ్చాలంటే ఇంచుమించు 300 నుండి 400 కిలోల బరువును ఎత్తేటంత బలం కావాలి. అదే పెట్టెను రబ్బరు టైర్ల బండి మీద ఉంచి మంచి రోడ్డు మీద నెడితే 10 కిలోలకు సమానమైన బలం చాలును. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రాలతో నడిపిస్తే దాదాపు 2 కిలోలతో సరిపోతుంది. ఒక టన్నుకు రెండు కిలోలు! పట్టాల రహస్యమంతా ఈ అంకెలోనే ఉంది. ఆవిరి యంత్రం పుట్టకముందే మనిషి పట్టాలు వేసుకున్నది ఇందుకే. జర్మనీ గనులలో చెక్కబాటల మీద నడిచిన తోపుడు బండ్లను అగ్రికోలా 1556లో వెలువడిన తన గ్రంథంలో వర్ణించాడు. ఇంగ్లండులోని వొల్లటన్‌లో 1604 నాటికే బొగ్గు తరలించడానికి చెక్కపట్టాల మీద గుర్రపు బండ్లు నడిచాయి. పట్టాలు మొదట పుట్టింది మనుషుల ప్రయాణానికి కాదు, సరకుల ఎక్కింపు దింపులకే.

తెలుగు నేల మీద కూడా ఇదే జరిగింది. గోదావరి మీద ఆనకట్ట తలపెట్టిన ఆర్థర్ కాటన్ 1845లో ధవళేశ్వరం వద్ద రాతిని తరలించడానికి పట్టాలు వేయించాడు. బొంబాయి-ఠాణాల నడుమ 1853లో నడిచిన ప్రయాణికుల రైలును అందరూ తలచుకుంటారు. దానికి ఎనిమిదేళ్ల ముందే ధవళేశ్వరం కొండరాళ్లు పట్టాలెక్కాయన్న సంగతి పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ ఆనకట్ట వెనుక ఈ చిన్న రాళ్లబండ్ల మార్గం కూడా ఉంది.

కాలక్రమంలో పట్టాలు నేల మీది నుండి వాహనం లోపలికే చేరాయి. కొన్ని సరకు వాహనాలలో నేలలోపల రెండు లోహపు కాలువలు నిలువుగా అమర్చి ఉంటాయి. వాటిలో చిన్న చక్రాలు గల పొడవైన పట్టీలు ఇముడుతాయి. బరువైన సరకును చెక్క పీఠం మీద పేర్చి వాహనం ద్వారం వద్ద ఉంచుతారు. మీట నొక్కినప్పుడో, గొట్టంలోకి గాలి పంపినప్పుడో చక్రాలు నేలమట్టానికి కాస్త పైకి లేస్తాయి. సరకు వాటి మీద తేలినట్లవుతుంది. ఒకరిద్దరు నెడితే టన్ను బరువు కూడా లోపలి గోడ వరకు జరుగుతుంది. గాలి వదలగానే చక్రాలు కిందికి దిగి, సరకు నేలకు ఆనుకొని కదలక నిలుస్తుంది. ఈ చివరి అంశం చిన్నదిగా తోచవచ్చు గాని అదే కీలకం. సులభంగా జరిగే సరకు, బండి మలుపు తిరిగినప్పుడు కూడా సులభంగానే జరుగుతుంది. కదిలించే ఏర్పాటు ఎంత ముఖ్యమో, ఆపే ఏర్పాటు అంతకంటె ముఖ్యం. విమానాల సరకు గదులలోను, విమానాశ్రయాలకు సరకు చేరవేసే వాహనాలలోను ఇటువంటి రోలర్ల వరుసలే ఉంటాయి.

సరకు తానే చక్రాలు కలిగి ఉంటే పని ఇంకా తేలిక. ఇందుకు పెనుకొండ మంచి ఉదాహరణ. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానిగా నిలిచిన ఈ ఊరి సమీపంలో, ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం వెలసింది. 2019లో అక్కడ ఉత్పత్తి ఆరంభమైంది. దూరప్రాంతాలకు వెళ్లే కార్లకు రైలు కూడా ఒక మార్గమైంది. ఇందుకు వాడే ప్రత్యేక వ్యాగన్లలో చాలావరకు ఒకనాటి ప్రయాణికుల పెట్టెలే. ఆసనాలు తీసివేసి, కిటికీలు మూసి, రెండు చివర్లా తలుపులు అమర్చి వాటిని మార్చారు. ర్యాంపు మీదుగా మొదటి కారు చివరి పెట్టె నుండి లోపలికి ప్రవేశించి, పెట్టె నుండి పెట్టెకు పరచిన వంతెన పలకల మీదుగా రైలు పొడవునా నడిచి తన చోటుకు చేరుతుంది. ఒక్కో పెట్టెలో ఐదేసి చొప్పున 25 పెట్టెలలో 125 కార్లు సర్దుకుంటాయి. ఒక్క కారునైనా ఎవరూ మోయరు, ఎత్తరు.

కారు ఎక్కగలిగినప్పుడు లారీ ఎందుకు ఎక్కదు? ఈ ప్రశ్నకు కొంకణ్ రైల్వే 1999 జనవరి 26న సమాధానమిచ్చింది. మహారాష్ట్రలోని కోలాడ్ నుండి గోవాలోని వెర్నా వరకు సరకుతో నిండిన లారీలను చదునైన వ్యాగన్ల మీద ఎక్కించి నడిపించింది. దానిని 'రోరో' అని పిలిచారు. దొర్లించి ఎక్కించి, దొర్లించి దించడమని దాని భావం. 2020 ఆగస్టు 30న అటువంటి రైలే బెంగుళూరు సమీపంలోని నెలమంగల నుండి షోలాపూరు సమీపంలోని బాలే వరకు 682 కిలోమీటర్ల మార్గంలో బయలుదేరింది. 42 లారీలకు చోటున్న ఆ రైలు ధర్మవరం, గుంతకల్లు, రాయచూరు, వాడి మీదుగా సాగింది. అంటే, ఒకనాడు బస్తా బస్తాగా సరకు మార్చిన గుంతకల్లు మీదుగానే లారీలు మూటముల్లె విప్పకుండా దాటిపోయాయన్నమాట.

ఈ పద్ధతిలోనూ చిక్కులు లేకపోలేదు. వ్యాగన్ మీద నిలిచిన లారీ ఎత్తు వంతెనలకు, విద్యుత్తీగలకు లోబడి ఉండాలి. చక్రాలకు దిమ్మెలు పెట్టి గొలుసులతో బిగించాలి. సరకుతోపాటు లారీ సొంత బరువును కూడా రైలు మోయాలి. వరుసలో ముందు ఎక్కినది ముందుగా దిగాలంటే గమ్యస్థానంలో రైలు ఎదుటి చివరన ర్యాంపు ఉండాలి. లేకుంటే లారీలన్నీ వెనుకకు నడవవలసి వస్తుంది.

పండ్ల విషయంలో గంటలే ధర. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు దక్షిణ భారతదేశపు తొలి కిసాన్ రైలు బయలుదేరింది. దూరం 2,150 కిలోమీటర్లు. ప్రయాణకాలం 40 గంటలు. ఉత్తరాది మార్కెట్‌కు పండ్లను త్వరగా చేర్చాలన్నది దాని లక్ష్యం. రైలు వేగం ఎంత పెరిగినా, పండ్ల పెట్టెలను చేతితో లెక్కించి, చేతితో అందుకొని, చేతితో పేర్చవలసినంత కాలం ఆదా అయిన గంటలలో కొన్ని ప్లాట్‌ఫారం మీదనే ఖర్చవుతాయి. సముద్ర రవాణా ఈ పాఠం ముందే నేర్చుకుంది. 1956లో మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికా లారీ వ్యాపారి 58 పెట్టెలను ఒక నౌక మీద పంపినప్పుడు, టన్నుకు 5.83 డాలర్లు ఉన్న ఎక్కింపు ఖర్చు 16 సెంట్లకు పడిపోయిందని లెక్కగట్టారు. నౌక వేగం మారలేదు, సముద్రం దగ్గర కాలేదు. మారినది ఎక్కింపు ఒక్కటే.

ఆ 16 సెంట్ల వెనుక రేవుకూలీల కథ కూడా ఉంది. కంటెయినర్లు వచ్చిన రేవులలో వేలాదిమంది పని కోల్పోయారు. హిందూపురం యార్డులో రేపు రోలర్లు, పట్టాలు వస్తే పదిమంది జట్టు చేసే పనికి ఇద్దరు చాలవచ్చు. వెన్నునొప్పి పోవాలనే కోరిక, కూలి పోతుందనే భయం ఒకే మనిషిలో ఉంటాయి. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. అలాగని, నడివయసులోనే నడుము వంగిపోయే పనిని ఉపాధి పేరిట కాపాడడమూ న్యాయం కాదు. యంత్రం తెచ్చే ఆదాలో జట్టుకు వాటా ఉందా లేదా అన్నదే అసలు వివాదం. దానిని ఇంజనీరు ఒక్కడే తేల్చలేడు.

అగళి బస్తాకు ఇంకొక చిక్కు ఉంది. అది కారు కాదు, కంటెయినరు కాదు; మెత్తగా, వంకరగా, ఒక్కొక్కటి ఒక్కొక్క తూకంతో ఉంటుంది. పట్టాల మీద జరగాలంటే ముందు దానిని చదునైన పీఠం మీద పేర్చాలి. ఆ పీఠం ట్రాక్టరు మీద, లారీలో, వ్యాగన్‌లో ఒకే కొలతతో ఇమడాలి. ఈ మూడింటి నేల ఎత్తులు నేటికీ మూడు రకాలు. 2007-08లో మంజూరైన రాయదుర్గం-తుమకూరు కొత్త రైలు మార్గం మడకశిర మీదుగా రూపొందింది. ఆ మార్గంలో గూడ్స్ షెడ్డు కట్టే రోజున దాని అరుగు ఎత్తును లారీ నేలకు, వ్యాగన్ నేలకు సరిపోల్చి కడితే, అగళి నుండి వచ్చిన బస్తాకు ఎనిమిది ఎత్తింపులలో కనీసం రెండు తప్పుతాయి.

ప్రశ్నలు

1. గుంతకల్లులో సరకును ఒక వ్యాగన్ నుండి మరొక వ్యాగన్‌కు మార్చవలసిన అవసరం ఎందుకు కలిగింది?
2. వాహనం నేలలో అమర్చిన పట్టాలు పనిచేసే విధానాన్ని వివరించండి.
3. హమాలీల జీవనోపాధికి, ఆరోగ్యానికి నడుమగల వైరుధ్యాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.
4. మీ ఊరి నుండి సమీప మార్కెట్‌కు చేరే ఏదైనా ఒక పంట ఎన్నిసార్లు ఎత్తబడుతుందో, దించబడుతుందో తెలుసుకొని ఒక పుటలో రాయండి.